అక్క కళ్ళ మందు

కుమాసి,
ఫిబ్రవరి 3, 1997

అరబా అక్కకి,

ఈ ఉత్తరం ఎవరో రాసిపెట్టింది కాదు. నేనే టైపు మిషన్ మీద కొడుతున్నాను. చూపు పోయినవాళ్ళకు పనులు నేర్పే బడిలో ఆరు నెలలు ఉండి వచ్చాను కదా, అక్కడ నేర్పారు. ఏ మీట ఎక్కడుందో వేళ్ళకు తెలిస్తే చాలు, కళ్ళతో పనిలేదు. కాకపోతే కొట్టింది తప్పో ఒప్పో నాకు తెలియదు. తప్పులుంటే నవ్వుకో. ఇంటికి వచ్చిన వాళ్ళందరికీ చూపించి నవ్వించకు.

పూర్తిగా కనిపించడం మానేసి రెండేళ్ళయింది. చీకటిగా ఉంటుందా అని అందరూ అడుగుతారు. చీకటి కూడా కాదక్కా. నీ వీపు వెనక ఏముందో నీకు కనిపించదు కదా, అలాగని అక్కడ నల్లగా ఉందని అనుకోవు. నాకు ఎదురుగా కూడా అంతే.

కుట్టు దుకాణం సంగతి అడిగావు. పని నేర్చుకునే ఐదుగురిలో ఇద్దరు మిగిలారు. వెళ్ళిపోయిన వాళ్ళలో ఒకతి మా వీధి చివరే కొట్టు పెట్టుకుంది. ఇప్పుడు కత్తెర నేను పట్టను. అంచులు మడిచి కుడతాను, బొత్తాలు కుడతాను, సూదిలోకి దారం నాలుకతో ఎక్కిస్తాను. కొత్తగా వచ్చే పెళ్ళివాళ్ళ చెప్పుల చప్పుడు నాకు బాగా అలవాటైంది. లోపలికి మూడడుగులు, కాసేపు నిశ్శబ్దం, మళ్ళీ బయటికి మూడడుగులు.

సంతకు వెళితే టమాటాలమ్మే ఆవిడ నన్ను అడగదు, పక్కనున్న మా ఆయన ఒపోకును అడుగుతుంది, ఆవిడకు పచ్చివి కావాలా పండినవి కావాలా అని. మొదట్లో ఆయన, ఆవిడకు నోరుంది, ఆవిడనే అడగండి అనేవాడు. ఈమధ్య అనడం మానేశాడు. తనే జవాబు చెప్పేస్తున్నాడు. అలసిపోయినట్టున్నాడు.

మామయ్య అంత్యక్రియలకు వస్తున్నాను. ఒపోకుకు సెలవు దొరకదట. పక్కింటి సెర్వా తోడొస్తానంది. స్కూలు టీచరు, నీ ఉత్తరాలు నాకు చదివి వినిపించేది ఆవిడే. మీ అమ్మాయి ఎసాబా పెళ్ళి మాటలు ఎంతవరకు వచ్చాయి?

నీ చెల్లెలు
ఎకువా


సాల్ట్‌పాండ్,
ఫిబ్రవరి 19, 1997

ఎకువా తల్లీ,

నీ ఉత్తరం చూసి చేపల పొయ్యి దగ్గరే కూలబడి ఏడ్చాను. మూడు తప్పులే ఉన్నాయి. నేను చేత్తో రాస్తే అంతకంటే ఎక్కువే ఉంటాయి.

తప్పకుండా రా. వెనక గది నీకూ సెర్వా గారికీ సర్దిపెడతాను. మామయ్యకు నువ్వంటే ఎంత ఇష్టమో నీకు తెలుసు. మీ ఎబో అన్నయ్య తన ట్రోట్రో వ్యానులో మంకెసిమ్ దాకా వచ్చి మిమ్మల్ని ఎక్కించుకుంటాడు.

ఎసాబాది ఖాయమైనట్టే. సెకొండీలో అమిస్సా వాళ్ళు. అబ్బాయి రేవులో పని చేస్తాడు, నెమ్మదస్తుడు. జూన్ 28న సారా సీసాలు పట్టుకుని, పిల్లనిమ్మని తలుపు తట్టడానికి వస్తామన్నారు. ఈలోగా వాళ్ళ తరఫు పెద్దలు మన గురించి నలుగురినీ వాకబు చేస్తున్నారు, అది మామూలే కదా. అంత్యక్రియలకు కూడా వాళ్ళలో ఇద్దరు ముగ్గురు రావచ్చు.

అందుకే ఒక చిన్న మాట, తప్పుగా అనుకోకు. నీ కళ్ళ గురించి ఎవరైనా అడిగితే పెద్ద జ్వరం వచ్చి పోయాయని చెప్పు. నేనూ అలాగే చెబుతున్నాను. నాన్న కళ్ళ సంగతి ఎత్తకు. ఆయన ముసలితనం ఆయనది. రెండూ కలిపి చూసి జనం ఏవేవో అల్లుతారు. పిల్ల జీవితం కదా.

నీ అక్క
అరబా


సాల్ట్‌పాండ్,
మార్చి 30, 1997

ఎకువా,

నువ్వు పంపిన కవరు అందింది. విప్పితే నాలుగు తెల్ల కాగితాలున్నాయి. వెనకా ముందూ తిప్పి చూశాను, ఒక్క అక్షరం లేదు. ఎబోకు చూపిస్తే, మన ఎకువా ఇకమీద రాయడానికి కూడా కళ్ళు అక్కర్లేదనుకుందేమో అని నవ్వాడు. అతని వేళాకోళం నీకు తెలిసిందే.

అంత్యక్రియల రోజు స్మశానం నుంచి మేమొచ్చేసరికి నువ్వు బయలుదేరిపోయావట. అన్నం కూడా తినలేదని ఎసాబా చెప్పింది. ఏమైంది? ఎవరైనా ఏమైనా అన్నారా? నీకోసం కాల్చిన చేప, మొక్కజొన్న కెంకీ ముద్ద విడిగా తీసిపెట్టాను. మర్నాటి దాకా చూసి పక్కవాళ్ళకు ఇచ్చేశాను.

జ్వరం అని చెప్పినందుకు నీకు మంచి జరుగుతుంది. అమిస్సా వాళ్ళ పెద్దావిడ నీ మీద ఎంతో జాలిపడింది.

నీ అక్క
అరబా


కుమాసి,
ఏప్రిల్ 12, 1997

అక్కా,

టైపు మిషన్‌లో సిరా రిబ్బను అయిపోయింది. నాకు తెలియలేదు. ఒక రోజంతా కూర్చుని నాలుగు పేజీలు కొట్టాను. ఎవరూ చదవకూడదని సెర్వాకు చూపించకుండా నేనే అంటించి తపాలాలో వేయించాను. ఆ పేజీల్లో ఏముందో ఇప్పుడు చెప్పను. నిన్ను మొదట ఒకటి అడగాలనిపించింది.

ఇక్కడి కళ్ళ డాక్టరు నాకు పోయిన వారం చెప్పిన మాట ఇది. నాకొచ్చింది నీటికాసుల జబ్బు. కంటి లోపల ఒత్తిడి పెరిగి, లోపలి నరం కొంచెం కొంచెంగా చచ్చిపోతుంది. నొప్పి ఉండదు. ముందు పక్కల చూపు పోతుంది, మనిషికి తెలియను కూడా తెలియదు. పోయింది తిరిగి రాదు. ముందే కనిపెడితే మాత్రం రోజూ చుక్కల మందు వేసుకుంటూ ఉన్న చూపును కాపాడుకోవచ్చు. ఇది రక్తంలో వస్తుందట. నీ కూతుర్ని చూపించు, తోడబుట్టిన వాళ్ళకు చెప్పు అన్నాడు. మా అఫ్రియెను వచ్చే నెల తీసుకెళుతున్నాను.

నీ కళ్ళు ఎలా ఉన్నాయక్కా? ఎప్పుడైనా చూపించుకున్నావా? ఉన్నదున్నట్టు చెప్పు.

ఎకువా


సాల్ట్‌పాండ్,
ఏప్రిల్ 25, 1997

ఎకువా,

నా కళ్ళకేం, దేవుడి దయవల్ల బాగానే ఉన్నాయి. ముప్పై ఏళ్ళుగా చేపలు పొగబెడుతున్నదాన్ని, అప్పుడప్పుడూ దురద పుడుతుంది, నీరు కారుతుంది. మందుల కొట్లో ఏదో ఇస్తే వేసుకుంటాను. నాన్నకు డెబ్బై దాటాక పోయాయి, ఎవరికైనా పోతాయి.

రక్తంలో వస్తుందన్నది డాక్టర్లు అందరికీ చెప్పే మాట. అలాంటివి ఉత్తరాల్లో రాయకమ్మా. నాకొచ్చేవి నేనే చదువుకుంటాను గానీ నీకొచ్చేవి ఇంకొకళ్ళు చదువుతారు. సెర్వా గారు మంచావిడే, కాదనను. కానీ మాట ఒక నోటి నుంచి ఇంకో నోటికి పోవడానికి ఎంతసేపు? జూన్ దాకా ఈ సంగతి వదిలెయ్యి. తర్వాత నేనే అక్కడికి వస్తాను, తీరిగ్గా మాట్లాడుకుందాం.

అరబా


కుమాసి,
మే 4, 1997

అరబాకి,

నిజం చెప్పడానికి నీకు ఒక అవకాశం ఇచ్చాను. వద్దన్నావు.

ఆ రోజు మీరంతా స్మశానానికి వెళ్ళాక దాహమేసింది. సెర్వా నిద్రపోతోంది. ఎవరినీ పిలవకుండా గోడ పట్టుకుని వెళ్ళి ఫ్రిజ్ తీశాను. ఒక గ్లాసు నీళ్ళు కూడా తెచ్చుకోలేనిదాన్ని కాదని నాకు నేనే చూపించుకోవాలనిపించింది. నీళ్ళ సీసా కోసం తడుముతుంటే తలుపు అరలో చేతికి తగిలాయి. బొటనవేలంత ప్లాస్టిక్ సీసాలు, గీతలున్న మూతలు. మూడు. రెండు నిండుగా, ఒకటి సగం. అదే సీసాను నేను నెలల తరబడి పొద్దునా సాయంత్రం పట్టుకున్నాను. ఒత్తితే ఎంత మెత్తగా లోపలికి పోతుందో నా వేళ్ళకు తెలుసు. అయినా నమ్మబుద్ధి కాలేదు. మూత తీసి ఒక చుక్క నా కంట్లో వేసుకున్నాను. అదే మంట. కాసేపటికి గొంతులోకి దిగింది అదే చేదు.

ఎసాబా వచ్చి, పిన్నీ, అది అమ్మ కళ్ళ మందు, దాన్ని కదపొద్దు, ఒక్క పూట తప్పినా కంగారుపడుతుంది అంది. ఎన్నాళ్ళ నుంచి వేసుకుంటోందే అని అడిగాను. నేను తొమ్మిదో తరగతిలో ఉన్నప్పటి నుంచి అంది. ఎందుకట అన్నాను. పొగ పడదు కదా, అందుకని చెప్పింది.

ఎసాబా తొమ్మిదో తరగతి అంటే 1990.

1993 ఈస్టరుకు నువ్వు మా ఇంటికి వచ్చావు. దీపం చుట్టూ రంగుల గుండ్రాలు కనిపిస్తున్నాయని, గుమ్మాలకు భుజాలు కొట్టుకుంటున్నానని, పక్క నుంచి వచ్చే మనుషులు ఉన్నట్టుండి ఊడిపడ్డట్టు అనిపిస్తున్నారని నీకు చెప్పాను. నువ్వేమన్నావో గుర్తుందా? "రాత్రింబవళ్ళు కుడతావు, కళ్ళద్దాలు మార్పించుకో, పోతుంది" అన్నావు. మార్పించుకున్నాను. రెండుసార్లు. 94 చివర్లో డాక్టరు దగ్గరికి వెళ్ళేసరికి కుడికన్ను లేదు, ఎడమదాంట్లో ఒక గడ్డిపరకంత సందు మిగిలింది. రెండేళ్ళ ముందు వచ్చి ఉంటే బాగుండేదమ్మా అన్నాడాయన.

నా కళ్ళు పోతుంటే నీ కళ్ళకు మందు వేసుకున్నావు. తెలిసీ. ఇప్పుడు పొగ అనకు.

ఎకువా


సాల్ట్‌పాండ్,
మే 20, 1997

ఎకువా,

ఈ ఉత్తరం సెర్వా గారు చదువుతారని తెలుసు. చదవనీ.

1990లో చేపలు లెక్కపెట్టేటప్పుడు బుట్ట అంచున ఉన్నవి వదిలేస్తున్నానని తోటి ఆడవాళ్ళు ఎగతాళి చేశారు. పట్నం వెళ్ళి చూపించుకున్నాను. నువ్వు చెప్పిన జబ్బే. తోడబుట్టిన వాళ్ళనీ పిల్లల్నీ తీసుకురమ్మని ఒక కాగితం కూడా ఇచ్చారు. దాన్ని నాలుగు మడతలు పెట్టి పెట్టె అడుగున వేశాను.

నీకు తెలియని సంగతి ఒకటుంది. నువ్వప్పుడు ఎనిమిదేళ్ళ పిల్లవి. ఎసాబా వాళ్ళ నాన్నకంటే ముందు నాకు ఇంకో సంబంధం వచ్చింది. నాకు అతనంటే ఇష్టం. వాళ్ళమ్మ మనింటికి వచ్చి కూర్చుంది. అమ్మ కప్పుతో నీళ్ళిచ్చింది. సరిగ్గా అప్పుడే నాన్న గోడ తడుముకుంటూ లోపల్నుంచి వచ్చి, ఎవరే వచ్చింది అని ఆవిడ ఎదురుగా నిలబడి వేరే వైపు చూస్తూ అడిగాడు. ఆవిడ కప్పు నోటిదాకా తెచ్చింది, తాగకుండా కింద పెట్టేసింది. రెండు రోజుల తర్వాత, ఆ ఇంటికేదో పట్టింది, మాకొద్దు అని కబురు పంపింది. నాన్నకు డెబ్బై అన్నది ఊరందరికీ చెప్పే అబద్ధం, నీకు తెలిసినా నీకూ అదే రాశాను. అప్పటికి ఆయనకు యాభై కూడా లేవు.

ఆ కప్పు నేను మర్చిపోలేదు. ఎసాబా ముందు ఎవరూ కప్పు కింద పెట్టకూడదనుకున్నాను. నీకు చెబితే ఒపోకుకు తెలుస్తుంది, ఎబోకు చెబితే ఊరికంతా తెలుస్తుంది. నువ్వింకా చిన్నదానివి, ముంచుకొచ్చిందేమీ లేదు, పిల్ల పెళ్ళయ్యాక చెబుదాం అని నాకు నేను చెప్పుకున్నాను.

ఈస్టరు సంగతి రాశావు. అంతా రాస్తాను. ఆ రోజు నువ్వు టీ పోస్తుంటే కప్పు పక్కన పోశావు. చూడగానే నాకు తెలిసిపోయింది. అప్పుడు నా చేతిసంచిలో ఆ మందు సీసా ఉంది. సంచి నా ఒళ్ళోనే ఉంది. నోటిదాకా వచ్చింది. కళ్ళద్దాలు మార్పించుకో అన్నాను.

నన్నేమైనా అను.

అరబా


కుమాసి,
మే 27, 1997

అరబాకి,

నీ ఉత్తరం సెర్వా గొంతుతో విన్నాను. నువ్వు చేసింది నీ నోటితో కూడా వినలేకపోయాను. చేతిసంచి దగ్గరికి వచ్చేసరికి ఆవిడ ఆగిపోయింది. "ఇక చాలు ఎకువా, మిగతాది చదవను" అంది. చదవమన్నాను. ఒపోకు గుమ్మం దగ్గర నిలబడి వింటున్నాడని తర్వాత తెలిసింది. ఆయన పెరట్లోకి వెళ్ళి పొద్దుపోయే దాకా లోపలికి రాలేదు. ఈ రెండేళ్ళూ మా అత్తవైపు వాళ్ళు, నీ పెళ్ళానికి ఎవరో చేతబడి చేశారు, చేయించుకోదగ్గ పని ఏదో చేసే ఉంటుంది అని ఆయన చెవిలో పోస్తూ వచ్చారు. కొంత నమ్మాడట. ఆ రోజు ఒప్పుకున్నాడు. అంత్యక్రియలప్పుడు రానిది సెలవు దొరక్క కాదు.

కప్పు కథ విని నీ మీద జాలి కలిగింది. జాలి కలిగినందుకు నా మీద నాకే కోపమొచ్చింది. నీకు పెళ్ళి తప్పిపోయింది, నిజమే. ఇంకో పెళ్ళి జరిగింది. నాకు ఇంకో జత కళ్ళు లేవు.

సరే, నా సంగతి అయిపోయింది. ఎబో అన్నయ్య సంగతి చెప్పు. అంత్యక్రియల ముందు రాత్రి మామయ్య ఇంటి వరండాలో అతను అందరి ముందూ చెప్పాడు, మంకెసిమ్ సంతలో బండి పక్కకు తిప్పుతుంటే ఒకావిడ నెత్తిమీది గిన్నెకు తగిలించానని, ఆవిడ ఎక్కడి నుంచి ఊడిపడిందో తెలియలేదని. అందరూ నవ్వారు. నువ్వూ నవ్వావు. నీ నవ్వు నాకు వినిపించింది. ఊడిపడ్డట్టు అనే మాట నేను నీకు ఈస్టరు నాడు చెప్పిన మాటే. ఇరవై మందిని ఎక్కించుకుని రోజూ తకొరాడి రోడ్డు మీద తిరిగే మనిషి అతను. నీకు ఏం నవ్వొచ్చింది?

ఎసాబాకు ఇరవై ఒకటి. తన కళ్ళను ఎవరూ చూడలేదు. కూతురి కోసమే అన్నావు కదా.

జూన్ 28 లోపల ఇద్దరినీ ఆసుపత్రికి తీసుకెళ్ళు. ఎందుకు తీసుకెళుతున్నావో నువ్వే చెప్పు. తీసుకెళ్ళకపోతే తలుపు తట్టే రోజుకు నేనొస్తాను. నా చెయ్యి పట్టుకునే మనిషి లేకపోయినా బస్సులో వస్తాను, అమిస్సా వాళ్ళ మధ్యలో నిలబడి నాకు జ్వరం రాలేదని చెబుతాను.

ఎకువా


సాల్ట్‌పాండ్,
జూలై 6, 1997

ఎకువా,

జూన్ 11న ముగ్గురం వెళ్ళాం. వాళ్ళిద్దరికీ దారిలో, ఎబో బండి నడుపుతుండగా చెప్పడం మొదలుపెట్టాను. అతను బండి రోడ్డు పక్కన ఆపేశాడు. చివరిదాకా విన్నాడు. దిగి, తాళాలు బండి వెంట వచ్చే తన పనివాడి చేతికిచ్చి, తను వెనక సీట్లో కూర్చున్నాడు.

ఎబో కుడికంటికి పక్కచూపు పూర్తిగా పోయింది, ఎడమది సగం. ఇక బండి నడపకూడదన్నారు. మందు వేసుకుంటే ఉన్నది నిలబడొచ్చు, కానీ హామీ ఇవ్వలేం అన్నారు. బయటికి వచ్చాక నాతో ఒకే మాట అన్నాడు. "ఎకువా కళ్ళు పోయిన రోజునైనా చెప్పాల్సింది." ఆ రోజు నుంచి నా గుమ్మం తొక్కలేదు. బండి వేరే డ్రైవరుకు ఇచ్చాడు. బస్టాండులో కూర్చుని ప్రయాణికులను పిలుస్తున్నాడు.

ఎసాబాకు ఒత్తిడి ఎక్కువగా ఉంది. నరం ఇంకా దెబ్బతినలేదు. సరైన వేళకు తీసుకొచ్చారమ్మా అని నన్ను మెచ్చుకున్నారు. తలెత్తలేకపోయాను.

నేను అమిస్సా వాళ్ళకు ఎలా చెప్పాలా అని సతమతమవుతుంటే ఎసాబాయే ఒక్కతీ సెకొండీ వెళ్ళి వాళ్ళ పెద్దావిడ ముందు కూర్చుని అంతా చెప్పి వచ్చింది. జ్వరం అబద్ధమని కూడా చెప్పింది. 28న ఎవరూ రాలేదు. కొన్నాళ్ళు ఆగుతామన్నారు. ఆ మాటకు అర్థమేమిటో నాకు తెలుసు. ఎసాబా ఏడవలేదు. నాతో మాట్లాడటం లేదు. నీ దగ్గరికి వస్తానంటోంది, పంపిస్తున్నాను.

ఇల్లంతా ఖాళీ అయిపోయింది. పొద్దున్న కంట్లో చుక్క వేసుకున్న ప్రతిసారీ నువ్వే గుర్తొస్తున్నావు. నేనొచ్చి నీ కాళ్ళ దగ్గర కూర్చుంటాను. రానిస్తావా? ఎప్పటికైనా క్షమిస్తావా?

అరబా


కుమాసి,
ఆగస్టు 17, 1997

అక్కా,

అఫ్రియె కళ్ళు బాగున్నాయి. ఏటా చూపించమన్నారు. ఎసాబా ఐదు వారాలుగా మా దగ్గరే ఉంది. వచ్చిన కొత్తలో మందు కంట్లో కాక చెంప మీద వేసుకునేది. కింది రెప్పను వేలితో లాగి, సీసాను ముక్కు పక్కన ఆనించి ఎలా వెయ్యాలో చూపించాను. ఇప్పుడు అద్దం చూడకుండానే వేసుకుంటోంది. దుకాణంలో కత్తెర కూడా పట్టింది. దాని చెయ్యి తిన్నగా ఉంది, పని నేర్చుకునే ఆ ఇద్దరికంటే నయం.

పోయిన ఆదివారం అమిస్సా వాళ్ళబ్బాయి ఇక్కడికి వచ్చాడు. వాళ్ళమ్మ ఇంకా ఒప్పుకోలేదట. ఎసాబాతో పెరట్లో చాలాసేపు మాట్లాడాడు. వెళ్ళేటప్పుడు నా దగ్గరకొచ్చి, ఈ జబ్బుతో బతకడం ఎలా ఉంటుంది అని నన్నే సూటిగా అడిగాడు. సూటిగానే చెప్పాను. ఒక్క మాటైనా తగ్గించలేదు. విని వెళ్ళాడు. మళ్ళీ వస్తాడో రాడో తెలియదు. ఎసాబాకూ తెలియదు. కానీ ఈసారి ఎవరూ ఎవరినీ మభ్యపెట్టలేదు.

ఎబో అన్నయ్య కూడా ఒకసారి వచ్చి వెళ్ళాడు. కాసేపు నవ్వించడానికి చూశాడు, కుదరలేదు. నా చెయ్యి పట్టుకుని ఊరికే కూర్చున్నాడు.

క్షమించావా అని అడిగావు. ఒక సంగతి చెబుతాను. చూపు పోయిన వాళ్ళకు మనుషుల ముఖాలు చివరగా చూసినట్టే నిలిచిపోతాయి. ఒపోకు ముఖం నాకు దుకాణం ముందు తాళం తీస్తున్నట్టు ఉంటుంది. అఫ్రియెది పదకొండేళ్ళ ముఖం, పన్ను ఊడిన చోట ఖాళీతో సహా. అది ఇప్పుడు ఎంత ఎదిగినా నాకు అంతే. నిన్ను తలుచుకుంటే మాత్రం ఒక్కటే కనిపిస్తుంది. 93 ఈస్టరు, మా బల్లకు అటువైపు, ఒళ్ళో సంచి మీద రెండు చేతులూ పెట్టుకుని కూర్చుని, నావైపు ప్రేమగా చూస్తూ కళ్ళద్దాలు మార్పించుకో అంటున్న ముఖం. తర్వాత నువ్వు వచ్చావు, వెళ్ళావు, కానీ అప్పటికి నాకు మనుషులు నీడలైపోయారు. ఇన్నాళ్ళూ ఆ ముఖాన్ని ఇష్టంగా దాచుకున్నాను. ఒంటరిగా ఉన్నప్పుడు తీసి చూసుకునేదాన్ని. ఇప్పుడూ అదే ఉంది. పారెయ్యడానికి లేదు, దాని స్థానంలో పెట్టుకోవడానికి ఇంకొకటి లేదు. నువ్వు నా కాళ్ళ దగ్గర కూర్చుని ఎంత ఏడ్చినా నాకు కనిపించేది ఆ ముఖమే. క్షమించడం ఎలాగో నాకు తెలియడం లేదు.

రావద్దని మాత్రం అనను. నువ్వు ఎసాబాను ఒకసారి చూడాలి. దానికీ నీతో మాట్లాడాలని ఉంది, పైకి చెప్పదు. వచ్చే నెల మొదటి శనివారం దుకాణం మూసి ఉంటుంది, ఆ రోజు రా.

నీ అడుగుల చప్పుడు నాకు తెలుసు. ఎడమకాలు కాస్త ఈడుస్తావు. అయినా గుమ్మం దగ్గర ఆగి, కొత్తవాళ్ళు చెప్పినట్టు నీ పేరు చెప్పు. లోపలికి రమ్మని నేను అనేదాకా అక్కడే ఉండు.

ఎకువా